చిత్రకళా సంఘం వార్షిక నివేదిక: ఏడాదంతా ఒకే ముఖం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన ఆదివారం క్లాసులన్నీ దాదాపు ఒక్క బొమ్మ చుట్టూనే తిరిగాయి. ఆయిల్ పోర్ట్రెయిట్ నేర్చుకోవాలంటే ముందు ఒక మాస్టర్ వేసిన ముఖానికి నకలు వేయాలని కిందటి సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1665 ప్రాంతంలో వేసిన ‘ముత్యపు కమ్మ పెట్టుకున్న అమ్మాయి’ని ఎంచుకున్నాం. అసలు బొమ్మ హేగ్ నగరంలోని మారిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 44.5 సెంటీమీటర్లు, వెడల్పు 39. అంతే.

రవివర్మ ఉండగా ఇదెందుకని కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. కానీ రవివర్మ బొమ్మల్లో చీర జరీ, నగలు వేయడానికే ఏడాది సరిపోతుంది. ఇక్కడ వెనక చీకటి, ముందు ముఖం, వేరే ఏమీ లేవు. పైగా రవివర్మ కూడా ఆయిల్ రంగుల పని చాలావరకు చూసి నేర్చుకున్నవారే. 1868లో తిరువాన్కూరు వచ్చిన యూరోపియన్ చిత్రకారుడు థియోడర్ జెన్సన్ బొమ్మలు వేస్తుంటే దగ్గరుండి చూసి పట్టుకున్నారు.

మొదటి నెల రంగు ముట్టుకోలేదు. గళ్లు గీసుకుని పెన్సిల్‌తో ముఖం కొలతలు సరిచూసుకున్నాం. తర్వాత రా అంబర్ అనే గోధుమ రంగుని టర్పెంటైన్‌తో పల్చగా కలిపి నీడలు మాత్రమే వేశాం. వెర్మీర్ కూడా గోధుమ, నలుపు రంగుల్లోనే మొదలుపెట్టి, వెనక భాగం నుంచి ముందుకు వచ్చాడని మ్యూజియం పరిశోధనలో తేలింది.

వానాకాలంలో పని కుంటుపడింది. ఆయిల్ రంగు నీళ్లలా ఆవిరై ఆరదు, నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని గట్టిపడుతుంది. తొందరలో ముగ్గురు సభ్యులు కింది పూతలో అవిసె నూనె ఎక్కువ, పైన తక్కువ వాడారు. పై పూత ముందు ఆరిపోయి, దసరా నాటికి చెంపల మీద రంగు పగిలింది. కింద పల్చన, పైన నూనె అనే నియమం మొదటి రోజే బోర్డు మీద రాయాల్సింది. ఆ పొరపాటు కార్యవర్గానిదే.

అందరినీ ఏడిపించింది ముక్కు. ముక్కు దూలానికి, దాని వెనకున్న చెంపకి మధ్య గీతే లేదు. రెండూ ఒకే వెలుగులో కలిసిపోతాయి. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఒకాయన నాలుగు ఆదివారాలు అక్కడ సన్నని గీత పెట్టడం, మళ్లీ గుడ్డతో తుడిచేయడం. ఐదో వారం గీత మానేసి ఆ రెండింటికీ ఒకే రంగు పూశారు. ముక్కు లేచి నిలబడింది. క్లాసంతా ఆయన ఈజిల్ దగ్గర గుమిగూడింది. నలభై ఏళ్లు పిల్లలకి గీతలు నేర్పిన చెయ్యి అది.

ముత్యాన్ని చివరి క్లాసుకి ఉంచాం. “ఇంత కమ్మకి కొక్కెమే లేదు కదా మాస్టారూ” అని ముందు గమనించింది మన సభ్యురాలు ఒకావిడ. నిజంగానే లేదు. గుండ్రటి గీత కూడా లేదు. పైన ఒక తెల్లటి చుక్క, కింద కాలర్ తెలుపు పడిన మసక మరక, అంతే ముత్యం.

వెనక చీకటి ఒకప్పుడు ఆకుపచ్చ తెర అనీ, నీలిమందుతో చేసిన ఆ పూత కాలక్రమంలో మారిపోయిందనీ తెలిశాక, ఆకుపచ్చ వేద్దామా అని పెద్ద చర్చే నడిచింది. ఇప్పుడు కంటికి కనిపించేదే వేద్దామని ఎక్కువమంది అన్నారు.

మధ్యలో సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లి యూరోపియన్ పెయింటింగ్స్ చూసొచ్చాం. జమాఖర్చులు కోశాధికారి గారు సభలో చదువుతారు. నూనె తుడిచిన గుడ్డలు ఉండ చుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది, కాబట్టి ఇకపై మూత ఉన్న నీళ్ల డబ్బాలోనే వేయాలి. వచ్చే ఏడాది ఎవరింట్లో మనిషిని వాళ్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని వేయాలని ప్రతిపాదన.

బొమ్మలన్నీ సభ రోజు హాల్లో పెడతాం. ప్రతిదాని వెనకా ‘వెర్మీర్‌కి నకలు’ అని రాసి ఉంటుంది, ఏదీ అమ్మకానికి కాదు. ముత్యాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, పిల్లల్ని తెచ్చేవాళ్లు కాస్త చెయ్యి పట్టుకుని తిప్పండి.

ఇట్లు,
కార్యదర్శి