బస్తీ సంక్షేమ సంఘం, మత్తు విముక్తి ఉపసంఘం: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, సభ్యులకు, ఇవాళ బీడీల చాటలు పక్కన పెట్టి వచ్చిన అక్కాచెల్లెళ్లకు నమస్కారం. సర్వసభ్య సమావేశంలో నివేదిక చదవాలన్నది నియమం. నియమం లేకపోయినా ఈసారి చదివేవాణ్ణే, ఎందుకంటే చెప్పుకోవాల్సిన పని జరిగింది.

2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయిన సంగతి మీకు గుర్తుంది. ఆ వార్త చూసిన భయంతో మన బస్తీలో కొందరు ఒక్కరోజులోనే కల్లు మానేశారు. మనం సంబరపడ్డాం. మూడు రోజులు తిరగకముందే ఆ ఇళ్లలో చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం, లేని మనుషులతో మాట్లాడటం మొదలయ్యాయి. ఒకామెకు బీడీలు చుడుతుండగానే ఫిట్స్ వచ్చాయి. గాలి సోకిందని తాయెత్తుకు బయల్దేరిన వాళ్లను ఆపి, మనవాళ్లు ఆమెను ఆటోలో ఆస్పత్రికి చేర్చారు.

మందు కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజోపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు. ఏళ్లుగా వాటికి అలవాటుపడ్డ ఒంటికి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికే వస్తుంది. డాక్టర్ దగ్గర మోతాదు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. రోజూ మద్యం సీసా లేనిదే గడవని వాళ్లదీ ఇదే కథ. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసేశాక ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి అంతమంది ఎందుకు వెళ్లారో మాకు అప్పుడు తెలిసొచ్చింది. ఆ రోజు నుంచి మేం "మానెయ్" అనడం లేదు, "చూపించుకొని మానెయ్" అంటున్నాం.

ఈ మాట బాగా పనిచేసింది అయ్యప్ప మాలల దగ్గర. ఏటా కార్తీకంలో తాగేవాళ్లు మాల వేసుకొని ఆ రోజే మందు ఆపుతారు. వణుకు వస్తే ఎవరికీ చెప్పరు, దీక్షలో లోపమనుకుంటారని భయం. ఈసారి గురుస్వామి గారితో ముందే మాట్లాడాం. రోజూ తాగే అలవాటున్నవాళ్లు మాలకు పది రోజుల ముందు డాక్టర్‌ను కలిసి రావాలని ఆయన పీఠం దగ్గరే చెప్పారు. మేం ఆరు నెలలు మొత్తుకున్నా కదలని వాళ్లు స్వామి ఒక్క మాటకు కదిలారు (కొంచెం అసూయగానే ఉంది, ఒప్పుకుంటాను). రెండో సంగతి ఇంకా ముఖ్యం. 41 రోజులు మానినవాడు మాల తీసిన సాయంత్రమే దుకాణం ముందు కనబడటం మనకు కొత్త కాదు. అందుకే శబరిమల నుంచి వచ్చాక కూడా శనివారం భజన ఆపలేదు. కొందరు జారిపోయారు, దాచడం లేదు. జారినవాళ్లను కూడా భజనకు పిలుస్తున్నాం. గురుస్వామి గారికి, ప్రసాదం వండిన తల్లులకు, మైకు ఊరికే ఇచ్చిన టెంట్‌హౌస్ వారికి చేతులెత్తి దండం.

ఆడవాళ్ల విషయంలో మాత్రం సగం పనే అయింది. కల్లు తాగే ఆడబిడ్డ మన బస్తీలో కొత్తేం కాదు, ఆస్పత్రిలో ఆ వరుసలో నిలబడటమే అవమానం. అడిగితే మగవాళ్ల వార్డు తప్ప లేదన్నారు ఒక చోట. దాంతో బీపీ, షుగర్ చూపించుకునే రోజునే తీసుకెళ్తున్నాం, ఎవరూ అడగరు. ఇంకో హెచ్చరిక: భర్తకు తెలియకుండా అన్నంలో మందు మాన్పించే మాత్రలు కలపకండి. అది డైసల్ఫిరామ్ అయితే, దాని మీద ఆయన తాగితే గుండెకే ప్రమాదం.

కుర్రాళ్లకు గంజాయి మీద ఉపన్యాసాలు పనిచేయలేదు. మాదకద్రవ్యాల వ్యతిరేక దినమని జూన్ 26న ర్యాలీ తీశాం. వస్తానన్న అధికారి గంటన్నర ఆలస్యంగా వచ్చారు, బ్యానర్ పట్టుకొని ఫొటో దిగి వెళ్లిపోయారు. పిల్లలు ఎండలో నిలబడ్డారు. తర్వాత క్రికెట్ ఆడే చోట కూర్చుని మాట్లాడితేనే ఇద్దరు నోరు విప్పారు. కేసవుతుందని వాళ్ల భయం. తక్కువ మొత్తంతో పట్టుబడినవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న కేంద్రంలో చేరి చికిత్స పూర్తి చేస్తే, మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుందని చెప్పాక ఇంట్లో చెప్పారు. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వాలంటే 1908 నంబరుకు ఫోన్ చేయండి. బడికి వంద గజాల లోపు గుట్కా, సిగరెట్లు అమ్మకూడదని చట్టం ఉంది. మన బడి గేటు ఎదుటి డబ్బా మీద మూడు అర్జీలిచ్చాం, డబ్బా అక్కడే ఉంది.

గల్ఫ్ వెళ్లేవాళ్లకు ఒకే మాట: ఎవరి పార్శిలూ విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోకండి. నొప్పికి వాడే ట్రమడాల్‌తో జైలుకెళ్లినవాళ్లు ఉన్నారు. వంటింటి గసగసాలకు కూడా అక్కడ నిషేధం ఉంది.

లెక్కలు కోశాధికారి గారు బోర్డు మీద అంటించారు, చూసుకోండి. ఆటో కిరాయిలకే ఎక్కువైంది, కొన్ని రసీదులు లేవు, ఆటోవాళ్లు ఇవ్వరు.

వాలంటీర్ల పుస్తకంలో పేర్లు ఒక పేజీ నిండా ఉన్నాయి. రాత్రి ఫోన్ చేస్తే ఎత్తింది ముగ్గురే. వాళ్ల పేర్లు చెప్పొద్దన్నారు, కాబట్టి చెప్పడం లేదు. మిగతావాళ్లు సన్మానం రోజున ముందు వరుసలో ఉన్నారు. రాత్రిపూట ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలిమానస్ 14416కు చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు విముక్తికి 14446 ఉంది.

వచ్చే నెల నుంచి మంగళవారం ఆస్పత్రి ఆటోకు తోడుగా ఇద్దరు కావాలి, అందులో ఒకరు ఆడవాళ్లు. పుస్తకం టీ బల్ల మీదే ఉంది. టీ తాగేముందు రాయండి, తాగాక ఎవరూ రాయరు.

— కార్యదర్శి