స్పెల్లింగ్ చెప్పకుండా ఫోన్లో ఒక్కసారి చెప్పి చూడు

ఒరేయ్ బావా,

నువ్వు పంపిన పేర్ల చిట్టా చూశాను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గడియారాల రిపేరు పని ఇంకా మొదలే కాలేదు, అప్పుడే డొమైన్ పేరు, అదే సైటు అడ్రసు, కోసం తలపట్టుకుని కూర్చున్నావు. నవ్వొచ్చింది గానీ ఈ ఒక్క విషయంలో సోమలింగాన్ని ముందే ఖాయం చేసుకోవడం నయం. బోర్డు రాయించి, కార్డులు అచ్చు వేయించాక ఆ పేరు ఎవడి చేతిలోనో ఉందని తెలిస్తే, బోర్డన్నా మార్చుకోవాలి, వాడు అడిగినంతన్నా ఇచ్చుకోవాలి.

నీ చిట్టాలో పేర్లన్నీ వినడానికి బాగున్నాయి. చిక్కల్లా అక్కడే. వాటిని నువ్వు తెలుగులో అనుకుని, తెలుగులో రాసుకుని మురిసిపోయావు. నీ దగ్గరికి రావాల్సినవాడు టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లో కదరా! మొదటి పేరులో ‘శ్రీ’ పెట్టావు. ఎస్ ఆర్ ఐ అని రాసేవాళ్లున్నారు, ఎస్ హెచ్ ఆర్ ఐ అని రాసేవాళ్లున్నారు, చివర రెండు ‘ఈ’లు తగిలించేవాళ్లున్నారు. దాని పక్కనే ‘లక్ష్మి’ని కూర్చోబెట్టావు. అందులో ఎక్స్ రాయాలా, కే ఎస్ హెచ్ రాయాలా? చివర ఐ పెట్టాలా, వై పెట్టాలా, రెండు ‘ఈ’లు పెట్టాలా? శ్రీకి మూడు, లక్ష్మికి ఆరు. గుణించుకో, పద్దెనిమిది రూపాలు. నువ్వు కొనేది అందులో ఒకటి. మిగతా పదిహేడు కొట్టినవాళ్లు ఎక్కడ తేలతారో ఆ తల్లికే తెలియాలి.

‘సత్య’ ఉన్న పేరుదీ అదే గొడవ. ‘త’కి కొందరు టీ ఒక్కటే రాస్తారు, కొందరు పక్కన హెచ్ పెట్టకపోతే ఊరుకోరు. ‘కాలం’ అన్నది గడియారాలకి అతికినట్టుంది, ఒప్పుకుంటాను, కానీ ‘కా’కి ఒక ఏ రాస్తావో రెండు రాస్తావో నీకే తేలలేదు. చిట్టాలో ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా రాసి పంపావు. పేరు పెట్టేవాడికే స్పెల్లింగ్ నిలవకపోతే వినేవాడికి ఎలా నిలుస్తుందిరా?

అందుకని ఒక పని చెయ్. ఈ గొడవేదీ తెలియనివాళ్లకి ఫోన్ చెయ్. పేరు ఒక్కసారి మామూలుగా చెప్పి, టైప్ చేసి మెసేజ్ పెట్టమను. స్పెల్లింగ్ మాత్రం చెప్పకు. ‘వై కాదండీ, ఐ’ అని నీ నోటి నుంచి వచ్చిందంటే ఆ పేరు కొట్టెయ్యాల్సిందే. కుర్రవాళ్లనే కాదు, అద్దాలు పెట్టుకుని ఒక్కో అక్షరం వెతికి కొట్టే పెద్దవాళ్లనీ అడుగు. గడియారం రిపేరుకి ఇచ్చేది ఎక్కువగా వాళ్లే. ఈ పరీక్షలో నెగ్గిన పేరు కాస్త చప్పగా ఉన్నా సరే, దాన్నే తీసుకో. డొమైన్ పేరు అందానికి కాదు, మనిషిని దారి తప్పకుండా చేర్చడానికి. నేనైతే మిగతా సలహాలన్నీ దీని తర్వాతే అంటాను.

పేరు మధ్యలో అడ్డగీత పెట్టొచ్చా అన్నావు. అక్షరాలు, అంకెలు, అడ్డగీత, ఈ మూడూ చెల్లుతాయి. గీత మొదట్లో గానీ చివర గానీ రాకూడదు. చుక్కకి ముందు భాగం 63 అక్షరాల దాకా ఉండొచ్చు, అంత పొడుగు పెడితే మాత్రం నీతో మాట్లాడను. చెల్లడం వేరు, నోటితో చెప్పగలగడం వేరు. ‘మధ్యలో గీత ఉంటుందండీ’ అని బతుకంతా చెప్పుకోవాలి. అంకెలూ అంతే, అంకె వెయ్యాలా అక్షరాల్లో రాయాలా అని అడుగుతారు. అయితే గీత లేకుండా రెండు మాటలు కలిపేటప్పుడు అన్నీ చిన్నక్షరాల్లో రాసి, నీ మీద పడి నవ్వే స్నేహితుడొకడికి చూపించు. ఎక్స్‌పర్ట్స్ ఎక్స్ఛేంజ్ అని ప్రశ్నలూ జవాబుల సైటు ఒకటుంది. ఆ రెండు మాటలూ కలిపితే మధ్యలో అనకూడని అర్థం పుట్టుకొచ్చి, చివరికి వాళ్లు గీత పెట్టుకున్నారు. ఎలాగో ఇక్కడ రాయను, కాగితం మీద నువ్వే రాసి చూసుకో.

తెలుగు లిపిలోనే డొమైన్ తీసుకోవచ్చుగా అంటావేమో. తీసుకోవచ్చు. లోపల యంత్రాలు దాన్ని ఎక్స్ ఎన్ అని మొదలై రెండు గీతలతో సాగే ఇంగ్లిష్ అక్షరాల వరసగా మార్చుకుంటాయి, అంతే. నాకూ ముచ్చటగానే ఉంటుంది. కానీ అలాంటి అడ్రసుతో వెళ్లే ఈమెయిల్‌ని ఒప్పుకోని ఫారాలు, సాఫ్ట్‌వేర్లు ఇంకా బోలెడున్నాయి. దాన్ని రెండోదిగా ఉంచుకుని అసలు సైటుకి మళ్లించుకో, అదొక్కటే నమ్ముకోకు.

ఇక చుక్క తర్వాత ఏముండాలన్నది. దీనికి నువ్వు అనవసరంగా నిద్ర పాడుచేసుకుంటున్నావు. డాట్‌కామ్ దొరికితే డాట్‌కామ్. మొదటి డాట్‌కామ్ పేరు నమోదైంది 1985 మార్చి 15న, సింబాలిక్స్ అనే కంప్యూటర్ కంపెనీది. అప్పటి నుంచి జనం వేళ్లకి అదే అలవాటైపోయింది. నువ్వు ఇంకేది చెప్పినా డాట్‌కామే కొడతారు. అమెరికాలో ఓవర్‌స్టాక్ అని ఆన్‌లైన్లో సరుకులమ్మే పెద్ద కంపెనీ 2011లో పొట్టిగా, సోకుగా ఉంటుందని ‘ఓ డాట్ కో’ అని పేరు మార్చుకుంది. ప్రకటనలు చూసినవాళ్లు వెళ్లి ‘ఓ డాట్‌కామ్’ కొట్టారు. ఆ ఏడాదే కంపెనీ తోక ముడిచి పాత పేరుకి వచ్చింది. అంత డబ్బు గుమ్మరించినవాళ్ల వల్లే కాలేదు, నీ వల్ల అవుతుందా?

చుక్క తర్వాత రెండే అక్షరాలుంటే అది ఏదో ఒక దేశానిదో ప్రాంతానిదో అని గుర్తుంచుకో. డాట్ టీవీ అంటే టెలివిజన్ కాదు, తువాలు దీవులు. డాట్ ఏఐ అంగ్విల్లాది, డాట్ కో కొలంబియాది. వాటి నిబంధనలు అక్కడివాళ్ల చేతిలో ఉంటాయి. యూరప్ కూటమిది డాట్ ఈయూ. బ్రిటన్ ఆ కూటమి నుంచి బయటికొచ్చాక, అర్హత పోయిన అక్కడివాళ్ల పేర్లన్నీ 2021 జనవరి 1న ఆగిపోయాయి. వ్యాపారం ఏ తప్పూ చేయలేదు, సైటు మాత్రం పోయింది. నీ ఖాతాదారులంతా నీ దేశంలోనే ఉంటే మీ దేశపు రెండక్షరాలు హాయిగా తీసుకో, జనానికి అదీ అలవాటే. సోకు కోసం ఎక్కడో దీవిది తీసుకోవద్దు, అంతే.

కావాల్సిన పేరు పోయిందని దిగులు పడకు. ఫేస్‌బుక్ మొదట ముందు ‘ద’ తగిలించుకునే నడిచింది, ఆ ‘ద’ తీసెయ్యడానికి 2005లో రెండు లక్షల డాలర్లు పోసింది. టెస్లా 2016 దాకా ‘టెస్లా మోటార్స్’ అనే అడ్రసుతోనే కార్లు అమ్మింది. నువ్వూ పేరు వెనక ‘వాచెస్’ అనో ‘రిపేర్’ అనో తగిలించుకో. పాపం రాదు, పైగా నువ్వేం చేస్తావో తెలుస్తుంది. ఒకవేళ ఎవరి దగ్గరన్నా కొనాల్సి వస్తే నీ వ్యాపారం పేరుతో, నీ ఉత్సాహమంతా ఒలకబోస్తూ మెయిల్ రాయకు. పేరు చేతికొచ్చాకే డబ్బు అవతలివాడికి చేరేలా మధ్యవర్తిత్వం చేసే ఎస్క్రో సర్వీసు లేకుండా పైసా పంపకు.

ఖాళీగా ఉంది కదా అని ఎగబడి కొనేయకు కూడా. ట్రేడ్‌మార్కు రికార్డుల్లో ముందు వెతుకు. పెద్ద బ్రాండు గడియారం పేరు నీ డొమైన్లో ఇరికించావనుకో, నువ్వు రిపేరు చేసేది ఆ గడియారాలే అయినా నోటీసు రావచ్చు. ఇలాంటి తగాదాలు కోర్టు దాకా వెళ్లకుండా తేల్చడానికి 1999 నుంచే ఒక పద్ధతి నడుస్తోంది. దురుద్దేశంతో తీసుకున్నావని తేలితే పేరు లాగేస్తారు. అసలు నీ ఇంటిపేరే పెట్టుకున్నా గొడవ రాదని లేదు. ఉజీ నిస్సాన్ అనే ఆయన తన ఇంటిపేరుతో 1994లోనే నిస్సాన్ డాట్‌కామ్ తీసుకున్నాడు, కంప్యూటర్ల వ్యాపారానికి. 1999లో కార్ల కంపెనీ దావా వేసింది. చివరికి పేరు ఆయనకే మిగిలింది గానీ, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు. అన్నట్టు, ఆ పేరు ఇదివరకు ఎవరిదైనా అయ్యుంటే దాంతో ఏం నడిపారో, సైట్ల పాత రూపాలు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్‌లో చూసుకో. జూదం సైటో, మోసం సైటో నడిచి ఉంటే ఆ చెడ్డపేరు నీ మెయిళ్లకి అంటుకుంటుంది, నేరుగా స్పామ్‌లో పడతాయి.

సరే, కొనడం. కొనడం అంటున్నాం గానీ ఇది అద్దె ఇల్లే. ఒక్కసారి పది ఏళ్ల దాకా కట్టొచ్చు, అంతకు మించి కుదరదు, కట్టడం మానేస్తే ఖాళీ చెయ్యాల్సిందే. డాట్‌కామ్ జాబితా మొత్తం ఉండేది వెరిసైన్ అనే సంస్థ దగ్గర. నీకు అమ్మేవాళ్లని రిజిస్ట్రార్లు అంటారు. వీళ్లకి గుర్తింపు ఇచ్చేది ఐకాన్, 1998లో పుట్టిన సంస్థ. గుర్తింపు ఉన్నవాళ్లలో ఎవరి దగ్గర తీసుకున్నా పేరు అదే పేరు, కాబట్టి రెన్యూవల్ ధర చూడు. మొదటి ఏడు చవగ్గా ఇచ్చి రెండో ఏడు నుంచి గుంజడం వాళ్ల ఆట. ‘ప్రీమియం’ అని రాసి ఎక్కువ ధర పెట్టి ఉంటే ఏటా అంతే కట్టాలా, మొదటిసారేనా అని అడిగి తెలుసుకో. డబ్బు కట్టే పేజీలో హోస్టింగ్ (సైటుని ఉంచే చోటు), సర్టిఫికెట్ (సైటుతో జరిగే మాటలు మూడోవాడు చదవకుండా కాపాడేది), ఇంకేవేవో టిక్కులు పెట్టేసి ఉంటాయి. అన్నీ తీసెయ్. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ సర్టిఫికెట్ ఉచితంగానే ఇస్తుంది. నీ వివరాలు అందరికీ కనపడకుండా దాచే ప్రైవసీ సదుపాయం మాత్రం ఉంచు, అదీ చాలామంది ఊరికే ఇస్తున్నారు.

ఇంకో మాట, పేరు ఖాళీగా ఉందని చూశాక వారం రోజులు ఊగిసలాడకు. 2008లో ఓ పెద్ద రిజిస్ట్రార్, జనం తమ సైట్లో వెతికిన పేర్లని వెంటనే తనే నమోదు చేసి నాలుగు రోజులు పట్టి ఉంచింది, వేరేచోట కొనుక్కోకుండా. పెద్ద గొడవైంది. ఇప్పుడలా చేస్తారని అనను, కానీ నచ్చిన పేరు చూసిన పూటే తీసేసుకుంటే పోయేదేముంది?

ఇప్పుడు చెప్పేది బాగా విను. సైటు కట్టే కుర్రాడు ‘డొమైన్ కూడా నేనే చూసుకుంటానండీ’ అంటాడు. వద్దు. నీ పేరుతో, నీ అకౌంట్లో, నీ కార్డుతో నువ్వే కొను, ఆ తర్వాత అతనికి కావాల్సిన మార్పులకి అనుమతి ఇవ్వు. నాకు తెలిసిన ఒకాయన అలాగే వదిలేశాడు. డబ్బు దగ్గర ఇద్దరికీ చెడింది. చూస్తే రికార్డుల్లో యజమానిగా ఉన్నది సైటు కట్టినతను. సైటు పోతే ఇంకోటి కట్టించుకోవచ్చు. ఆ పేరుతో ఉన్న మెయిల్ పోయేసరికి పాత ఖాతాదారులు ఆయన్ని చేరలేకపోయారు, మూతపడ్డాడనుకున్నారు.

అకౌంట్‌కి ఇచ్చే ఈమెయిల్ కూడా ఆ డొమైన్‌ది ఇవ్వకు, నీ మామూలు మెయిల్ ఇవ్వు. డొమైన్ ఆగిన రోజున దాని మెయిల్ కూడా ఆగుతుంది, మరి తాళం తీసే లింకు ఎక్కడికి వస్తుంది? కొన్న వెంటనే ఆ మెయిల్ నీదేనా అని అడుగుతూ ఒక లింకు వస్తుంది. 15 రోజుల్లో నొక్కకపోతే పేరు నిలిపేస్తారు. రెండంచెల లాగిన్ పెట్టు, పేరుని ఎవరూ వేరే రిజిస్ట్రార్ దగ్గరికి తరలించకుండా ఆపే ట్రాన్స్‌ఫర్ లాక్ వేసి ఉందో లేదో చూడు.

రెన్యూవల్ ఆటోమేటిక్ పెట్టు, దాన్ని మాత్రం నమ్మకు. కార్డు గడువు ముందే అయిపోతుంది చాలాసార్లు. 1999 డిసెంబర్లో మైక్రోసాఫ్ట్ అంతటిది పాస్‌పోర్ట్ డాట్‌కామ్ పేరుకి డబ్బు కట్టడం మరిచిపోతే, ఆ పేరు మీదుగానే లాగిన్ అయ్యే వాళ్ల ఈమెయిల్ సర్వీసు హాట్‌మెయిల్ వాడేవాళ్లు లోపలికి వెళ్లలేకపోయారు. ఎవరో ప్రోగ్రామర్ తన కార్డుతో 35 డాలర్లు కట్టి గట్టెక్కించాడు. నీకు అలాంటి పుణ్యాత్ముడు దొరకడు. డాట్‌కామ్ గడువు దాటాక కొన్నాళ్లు మామూలు ధరకే తీసుకోనిస్తారు, అది రిజిస్ట్రార్ని బట్టి ఉంటుంది. పేరు తీసేశాక ఇంకో 30 రోజులు బోలెడు జరిమానాతో ఇస్తారు. ఆ పైన 5 రోజులకి సంతలో పడుతుంది, దానికోసం కాచుకుని కూర్చునే ప్రోగ్రాములు ఉంటాయి. కాబట్టి మొదటిసారే మూడు నాలుగేళ్లకి కట్టెయ్. మధ్యలో ‘మీ డొమైన్ గడువు ముగుస్తోంది, వెంటనే చెల్లించండి’ అని ఎవరెవరో ఉత్తరాలు, మెయిళ్లు పంపుతారు. వాటిలో లింకులు నొక్కకు. నేరుగా రిజిస్ట్రార్ సైటుకెళ్లి తేదీ చూసుకో.

నా ఓటు నీ చిట్టాలో అయిదోదానికి. నువ్వు దాన్ని ‘మరీ మామూలుగా ఉంది’ అని చివర్న పడేశావు గానీ, దాన్ని ఒక్కలాగే రాయగలరు. ఇందాక చూశాను, డాట్‌కామ్ ఖాళీగానే ఉంది. ముందు ఆ ఫోన్లు చేసెయ్, అందరూ సరిగ్గా కొడితే ఈ పూటే తీసుకో. తీసుకున్నాక మెయిల్ ఏర్పాటు గురించి అడుగు, మెయిల్ నిజంగా నీ డొమైన్ నుంచే వచ్చిందని చూపించే ఎస్‌పీఎఫ్, డీకిమ్ అని రెండు సెట్టింగులున్నాయి. అవి ఫోన్లో చెబితే తలకెక్కవు, స్క్రీన్ ముందు పెట్టుకుని ఇద్దరం కలిసి చేద్దాం.

నీ
బావ