ఎన్నాళ్ళు అని అడిగావు కదా

మారతహళ్ళి, బెంగళూరు
ఆదివారం

ఒరేయ్ ప్రసాదూ,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు "రాస్తాలే" అని పెట్టేశాను, ఏమనుకోకు. మా చిన్నోడు ఎదురుగానే ఉన్నాడు. పొద్దున్నే నాలిక కింద బూప్రెనార్ఫిన్ మాత్ర పెట్టుకుంటాడు, మత్తు అలవాటు మాన్పించడానికి ఇచ్చే మందు అది. అది కరిగేదాకా ఓ పది నిమిషాలు మాట్లాడకూడదు, మింగకూడదు. కిటికీ దగ్గర నిలబడి, సందులో నీళ్ళ ట్యాంకర్ వెనక్కి తీస్తుంటే చూస్తుంటాడు. ఆ కాసేపూ ఇంట్లో అందరం గొంతు తగ్గించేస్తాం, ఎందుకో మరి.

మీ అక్క బాధ అర్థమైంది. న్యూజెర్సీలో ఆవిడ కొడుక్కి హెరాయిన్‌లాంటివి మాన్పించడానికని ఏడాదిగా మెథడోన్ ఇస్తున్నారు, "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగట్టారు, ఎప్పుడు ఆపుతారు" అని కదా ఆవిడ గొడవ. రెండేళ్ళ కిందట నేనూ ఇదే అన్నాను. ఇంతకన్నా దరిద్రంగా అన్నాను.

అప్పట్లో నీకు సగమే చెప్పాను. బైక్ యాక్సిడెంట్ తర్వాత నడుంనొప్పికని మొదలైన టపెంటడాల్, అదే మత్తెక్కించే నొప్పి మాత్ర, సూదిదాకా వెళ్ళింది. ఊరి బయట మత్తు మాన్పించే ఒక సెంటర్లో పడేశాం. మూడు నెలలు, లక్షన్నర. మందూ మాకూ ఏమీ లేదు, గదికి తాళం, అంతే. బయటికొచ్చినప్పుడు బుగ్గలు నిండి పెళ్ళికొడుకులా ఉన్నాడు. పదకొండో రోజు పీజీ బాత్రూమ్‌లో పడున్నాడు, పెదాలు నేరేడుపళ్ళు తిన్నట్టు నల్లగా. వేసుకున్నది పాత డోసే. ఇన్నాళ్ళు మానేశాక ఒంటికి ఆ తట్టుకునే శక్తి పోతుందని, మానేసిన కొత్తల్లోనే ప్రాణం మీదికొస్తుందని మాకెవరూ చెప్పలేదు. రూమ్మేట్ తలుపు పగలగొట్టబట్టి వీడు ఇవాళ ట్యాంకర్ని చూస్తున్నాడు.

ఆ తర్వాతే ఇక్కడి మానసిక వైద్యాసుపత్రి నిమ్హాన్స్‌కి తీసుకెళ్ళాం. అక్కడ నేను మొదట అడిగింది కూడా "ఎన్నాళ్ళు డాక్టర్?" అనే. "ఆపడానికి తొందరెందుకండీ, ముందు నిలబడనివ్వండి" అందావిడ. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను.

మెథడోన్ సంగతి 1964లో న్యూయార్క్‌లో తేలింది. విన్సెంట్ డోల్, మేరీ నైస్వాండర్ అని ఇద్దరు డాక్టర్లు. మొదట హెరాయిన్ వాళ్ళకి మార్ఫిన్ ఇచ్చి చూశారట. రోజంతా తర్వాతి సూది ఎప్పుడా అని కూర్చునేవాళ్ళు, అంతకంతకూ ఎక్కువ కావాలనేవాళ్ళు. మెథడోన్‌కి మార్చాక ఒకడు బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు, ఇంకొకడు చదువు పూర్తిచేస్తానన్నాడు. మరుసటి ఏడాది 22 మంది ఫలితాలు అచ్చేశారు. కిటుకేమీ లేదు. హెరాయిన్ నాలుగైదు గంటల్లో దిగిపోతుంది, ఆవులింతలు, ముక్కు కారడం, కడుపులో మెలి, మళ్ళీ వేట. మెథడోన్ ఒక్క గుక్క తాగితే రోజంతా నిలకడగా ఉంటుంది. సరైన డోసులో స్థిరపడినవాడికి కిక్కూ ఉండదు, ఆ యాతనా ఉండదు.

మీ అక్కకి ముఖ్యంగా ఈ లెక్క చెప్పు. 2017లో ఒక పెద్ద పరిశీలన వచ్చింది, మెథడోన్ తీసుకున్నవాళ్ళు లక్షా 20 వేలమందికి పైనే. వెయ్యిమందిని ఏడాదిపాటు చూస్తే, మెథడోన్ తీసుకుంటున్నప్పుడు పోయినవాళ్ళు 11 మంది, మానేశాక 36 మంది. అందులోనూ ప్రమాదం ఎక్కువ మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో, ఆపేసిన తొలి వారాల్లో. మా పదకొండో రోజు అక్కడే ఉంది చూడు. ఏడాదిలోపు ఆపేస్తే పెద్దగా ఫలితం ఉండదంటారు. చాలామందికి ఏళ్ళ తరబడి పడుతుంది, కొందరికి జీవితాంతం.

ఇంకోటి. "డోసు 40కే ఆపించాం" అని ఆవిడ గొప్పగా చెప్పిందన్నావే, అది గొప్ప కాదురా. మామూలుగా 60 మిల్లీగ్రాములు, ఆపైన ఇచ్చినవాళ్ళే ఎక్కువగా నిలబడతారు. తక్కువిస్తే రాత్రికే వెలితి తెలుస్తుంది, కాళ్ళు పాత వీధికి లాగుతాయి. డోసు సంగతి డాక్టరుకి వదిలేయమను.

అలాగని అమృతమేం కాదు. మలబద్ధకం, చెమటలు. గుండె లయ మీద ప్రభావం ఉంటుంది కాబట్టి ఈసీజీ తీయించాలి. మందుకొడుతూ, నిద్రమాత్రలు వేసుకుంటూ దీన్ని తాగితే ఊపిరే ఆగిపోవచ్చు. ఇంకా, ఇది ఉద్యోగం తెచ్చిపెట్టదు. మావాడికి పోయిన ఉద్యోగం పోయినట్టే, ఇప్పుడు వేరే చోట సగం జీతం. అమ్మ దగ్గర దొంగిలించిన గాజుల మాట ఇంట్లో ఇంకా ఎవరూ ఎత్తరు.

మన దగ్గర మెథడోన్ 2012లో కొన్ని సెంటర్లలోనే మొదలైంది, ఎక్కువగా ఇచ్చేది బూప్రెనార్ఫినే. రెండూ ఒకే దారి. మావాడు రెండు వారాల మందు ఇంటికి తెచ్చుకుంటాడు. మీవాడు రోజూ క్లినిక్‌కి వెళ్ళి నర్సు ముందు తాగుతున్నాడేమో, కుదురుకున్నవాళ్ళకి 28 రోజుల మందు ఇంటికివ్వచ్చని 2024లో అక్కడ రూలు మార్చారు. అడగమను.

ఆవిడ అక్కడికి వెళ్ళినప్పుడు ఇంట్లో నాలోక్సోన్ స్ప్రే ఒకటి పెట్టించమను, ఇలాంటి మత్తు డోసు మించినప్పుడు దానికి విరుగుడు అది. 2023 నుంచి అమెరికాలో డాక్టరు చీటీ లేకుండానే మందుల షాపులో అమ్ముతున్నారు. ఊపిరి ఆగిపోతుంటే ముక్కులో కొట్టాలి, వెంటనే అంబులెన్స్ పిలవాలి. మెథడోన్ సీసా మాత్రం పిల్లలకి అందకుండా తాళం వేసి పెట్టాలి.

చిన్నోడు ఇడ్లీలకి వెళ్దాం లేవమంటున్నాడు. అక్క నంబరు పంపు, సాయంత్రం నేనే మాట్లాడతాను. వాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుంటాను, మాట్లాడతాడో లేదో తెలీదు.

నీ
రవి