గుండె దడ మాత్రల మీద మీ సగం కాలమ్

ఎడిటర్ గారికి,

పోయిన వారం మీ హెల్త్ పేజీలో గుండె దడ మందుల మీద వేసిన ముక్క చదివి ఊరుకుందామనే అనుకున్నా, నాలుగు రోజులైనా కడుపుమంట తగ్గక రాస్తున్నా. "ఈ మాత్రలు గుండె లయని సరిచేస్తాయి, క్రమం తప్పకుండా వాడితే చాలు" అంట. అంతేనా? లయ సరిచేసే మందే ఒక్కోసారి లయ తప్పిస్తుందని ఒక్క లైన్ రాయడానికి చోటు దొరకలేదా, పక్కనే హెయిర్ ఆయిల్ యాడ్‌కి మాత్రం పావు పేజీ దొరికింది.

గుండె కొట్టుకునేది కరెంటుతోనే కదా. కణాల్లోకి సోడియం, కాల్షియం వెళ్తూ, పొటాషియం బయటికొస్తూ ఆ కరెంటు నడుస్తుంది. ఫ్లెకైనైడ్ లాంటివి సోడియం దారికి అడ్డం పడతాయి, వెరాపమిల్ కాల్షియం దారికి, సొటలాల్ ముఖ్యంగా పొటాషియం దారికి, అమియోడరోన్ అయితే అన్నిటికీ అంతో ఇంతో. దారి మూస్తే తప్పుడు కరెంటు ఆగుతుంది, నిజమే, కానీ సొటలాల్ వేసుకునే మనిషికి విరేచనాలై పొటాషియం పడిపోయినా, దగ్గుకని ఇంకో డాక్టరు అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాసినా లయ తప్పి ప్రాణం మీదికి రావచ్చు. ఇదేం కొత్త సంగతి కాదు. హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లకి ఎక్స్‌ట్రా బీట్స్ తగ్గిస్తే బతుకుతారని ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ ఇచ్చి చూశారు, బీట్స్ తగ్గాయి గానీ మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే వీళ్లే ఎక్కువమంది పోయారు, ఆ ప్రయోగంలో వాటిని ఇవ్వడం 1989లో ఆపేశారు. మీ రచయిత దాకా ఈ కబురు ఇంకా చేరలేదేమో.

మా అమ్మ రెండేళ్లు అమియోడరోన్ వాడింది. 200 మిల్లీగ్రాముల మాత్రలో దాదాపు 75 మిల్లీగ్రాములు అయోడినే, అందుకే థైరాయిడ్ టెస్టు, దాంతోపాటు లివర్ టెస్టు కూడా ఆరు నెలలకోసారైనా చేయించాలి, ఆయాసమొస్తే ఊపిరితిత్తులు చూడాలి. ఒక్కరూ చెప్పలేదు. అమ్మ చిక్కిపోయింది, చేతులు వణికాయి, వయసు కదా అన్నారు, దడ మళ్లీ మొదలైతే డోసు పెంచారు! చివరికి ఇంకెవరో టెస్ట్ రాస్తే థైరాయిడ్ హార్మోన్ విపరీతంగా పెరిగిందని తేలింది, ఆ దడ దానివల్లే. మందు ఆపాక కూడా అది ఒంట్లోంచి పోవడానికి నెలలు పడుతుందంట.

నేనేం మాత్రలు మానేయమనట్లేదు, సొంతంగా మానేస్తే ఇంకో ప్రమాదం. రక్తం పల్చబడే వార్ఫరిన్ పక్కనే అమియోడరోన్ రాసేటప్పుడు వార్ఫరిన్ డోసు తగ్గించాలి, గుండెకే ఇచ్చే ఇంకో మందు డిగాక్సిన్ అయినా అంతే, ఆ మాట పేషెంటు ఇంట్లోవాళ్లకి చెప్పమంటున్నా. చీటీ చదవలేం, డబ్బాలో కాగితం చీమల అక్షరాలు, కౌంటర్లో అడిగితే "డాక్టర్నే అడగండి", డాక్టర్ని అడిగితే "నెట్‌లో చదివొచ్చారా" అని వెటకారం. చూడాల్సిన అధికారులేమో ఏదో ఒక దినోత్సవం రోజు బ్యానర్ పట్టుకుని ఫొటో దిగుతారు, ఆ ఫొటో మళ్లీ మీరే వేస్తారు, కలర్లో.

సినిమా హీరో వయసు తప్పు పడితే మర్నాడే సవరణ వేశారు మొన్న. దీనికి ఎన్ని రోజులు పడుతుందండీ?

ఇట్లు,
పేపరు మానేద్దామా అని ఆలోచిస్తున్న ఒక పాత చందాదారు