పథకం మొదలయ్యే రోజే దాన్ని కొలిచే పనీ మొదలవ్వాలి: ఆర్థిక, ప్రణాళికా శాఖల మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఆర్థిక, ప్రణాళికా శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

కొత్త పథకం ప్రకటించేటప్పుడు ఎంతమందికి ఇస్తారో చెబుతారు. ఏడాది తిరిగాక ఎంత ఖర్చయిందో చెబుతారు. ఆ డబ్బు వల్ల పిల్లలకు చదవడం వచ్చిందా, కూలీకి కూలి సమయానికి అందిందా అన్న లెక్క మాత్రం ఎక్కడో తప్ప కనిపించదు. ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఈ లెక్క కోసమే మీకు రాస్తున్నాను.

ఇది మనకు తెలియని విద్య కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2005 నుంచి అయిదు జిల్లాల్లో, 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పెద్ద పరిశోధన జరిగింది. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేయించాయి. ఏ బడికి ఏ సాయం అందాలో లాటరీ తీశారు. కొన్ని బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్, కొన్నింటికి అదనంగా ఒక కాంట్రాక్టు టీచర్, కొన్నింటికి పుస్తకాలు, పలకలు, బోధన సామగ్రి కొనుక్కోవడానికి గ్రాంటు. పోల్చి చూసుకోవడానికి కొన్ని బడుల్లో ఏ మార్పూ చేయలేదు. సాయం అందిన బడికీ అందని బడికీ మధ్య కనిపించే తేడా ఆ సాయం వల్ల వచ్చిందేనని అప్పుడే నమ్మకంగా చెప్పగలం.

ఆ గ్రాంటు సంగతి మీరు తప్పకుండా వినాలి. మొదటి ఏడాది డబ్బు అనుకోకుండా వచ్చింది, పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది కూడా అదే డబ్బు వచ్చింది, మార్కుల్లో తేడా లేదు. కారణం ఇళ్లలో దొరికింది. బడిలోనే నోటు పుస్తకాలు ఇస్తారని తెలిశాక తల్లిదండ్రులు ఆ ఖర్చు తగ్గించుకున్నారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. మిగిలిన డబ్బు ఇంట్లో మరో అవసరానికి ఉపయోగపడే ఉంటుంది. కానీ గ్రాంటు ఇచ్చింది చదువు పెరగాలని కదా! ఆఫ్రికాలోని జాంబియాలో బడి గ్రాంట్లను పరిశీలించినప్పుడూ ఇలాగే తేలింది. మొదటి ఏడాది లెక్క చూసి ఊరుకుని ఉంటే అందరం అది గొప్ప విజయమనే అనుకునేవాళ్లం.

టీచర్‌గా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరొకటుంది. 100 బడుల్లో పిల్లలకు పరీక్షలు పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో వివరంగా రాసి టీచర్ల చేతికిచ్చారు. ఎవరైనా తరగతికి వచ్చి చూసినప్పుడు ఆ టీచర్లు మిగతావాళ్ల కంటే చురుగ్గానే పాఠం చెప్పారు. ఏడాది చివర మార్కుల్లో మాత్రం తేడా రాలేదు. ఆ బడులకు ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లిన ఏ అధికారి అయినా కార్యక్రమం భేష్ అనే రాసి వచ్చేవారు. అదే పరిశోధనలో, బోనస్ ఇచ్చిన బడుల పిల్లలు రెండేళ్లలో లెక్కల్లో, భాషలో స్పష్టంగా ముందుకెళ్లారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగయ్యారు. నా తోటి టీచర్లలో చాలామందికి ఈ మాట నచ్చదు. అయినా తేలింది తేలినట్టు ఒప్పుకోవాలి.

ఉపాధి హామీ కూలీలకు వేలిముద్ర సరిచూసి కూలి డబ్బు చెల్లించే స్మార్ట్‌కార్డుల సంగతీ చూడండి. ఎనిమిది జిల్లాల్లో, దాదాపు 1.9 కోట్ల జనాభా ఉన్న 157 మండలాల్లో, కార్డులు ముందు ఎక్కడ ఇవ్వాలో ప్రభుత్వమే లాటరీతో తేల్చింది. రెండేళ్ల తర్వాత చూస్తే కూలి డబ్బు త్వరగా అందుతోంది, మధ్యలో మాయమయ్యే సొమ్ము బాగా తగ్గింది. ప్రభుత్వ ఖర్చు పెరగకుండానే కూలీల ఇళ్లకు చేరే ఉపాధి డబ్బు 24 శాతం పెరిగింది. కార్డు వాడినవారిలో 90 శాతానికి పైగా కొత్త పద్ధతే కావాలన్నారు.

అలాగని వేలిముద్ర పెట్టిస్తే చాలనుకోకూడదు. జార్ఖండ్‌లో రేషన్‌కు ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేసిన తీరును తర్వాత ఇలాగే కొలిచారు. అక్కడ మొదట దోపిడీ తగ్గలేదు. ఆధార్ లింకు కాని కార్డుదారులకు అందే సరుకు దాదాపు 10 శాతం తగ్గింది. మన దగ్గర కార్డు రానివారికి పాత పద్ధతిలో డబ్బు ఇస్తూనే వచ్చారు. మిషన్ కంటే ఆ నిబంధనే ముఖ్యం, పేదవాడి నోటి దగ్గర కూడు దానిమీదే ఆధారపడింది.

కొన్ని ఊళ్లకు ముందిచ్చి, కొన్నింటిని ఆపడం అన్యాయం కాదా అని మీ అధికారులు అనవచ్చు. అన్ని మండలాలకూ ఒకే రోజు అందించే శక్తి ఏ ప్రభుత్వానికీ ఉండదు. ఎవరో ఒకరికి ముందు అందుతుంది. పలుకుబడి ఉన్న ఊరికి ముందు అందడం కంటే, అందరి ఎదుటా తీసిన లాటరీయే న్యాయం.

ఈ పని నెత్తిన వేసుకోవాల్సింది ఆర్థిక శాఖే. మెక్సికోలో 1997లో ప్రొగ్రెసా పథకాన్ని రూపొందించడంలో ముందున్న శాంటియాగో లెవీ అప్పుడు ఆర్థిక శాఖలోనే ఉన్నారు. పిల్లల్ని బడికి, ఆస్పత్రికి పంపే పేద తల్లులకు డబ్బిచ్చే పథకమది. 506 గ్రామాల్లో 320 గ్రామాలకు ముందు, 186 గ్రామాలకు తర్వాత ఇచ్చి ఫలితం కొలిచారు. పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, హైస్కూల్లో చేరడం పెరిగింది. 2000లో ప్రభుత్వం మారినా పథకం ఆగలేదు, పేరు మార్చుకుని ఇంకా పెద్దదైంది. మన దగ్గర అమ్మ ఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. తల్లుల ఖాతాల్లోకి ఏటా వేల కోట్లు వెళ్తున్నాయి. వెళ్లాలి కూడా, ఆ తల్లుల కష్టం నాకు తెలుసు. ఆ డబ్బుతో హాజరు ఎంత పెరిగింది, అయిదో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం చదవగలుగుతున్నారా అన్నది కూడా ప్రజలకు తెలియాలి.

అందుకే అడుగుతున్నాను. ఇకపై పెద్ద పథకానికి ఇచ్చే జీవోలోనే ఏం కొలుస్తారో, ఎప్పుడు కొలుస్తారో రాయించండి. విడతలుగా ఇచ్చేవాటికి క్రమాన్ని లాటరీతో తేల్చండి. అమలు చేసే శాఖ చేతికే కొలిచే పని అప్పగించకండి. ఫలితం బాగున్నా, లేకపోయినా అసెంబ్లీలో పెట్టండి. ఇప్పటిదాకా మన ఊళ్లలో జరిగిన పరిశోధనలు ఇంగ్లీషు పత్రికల్లో వచ్చాయి. సర్వేకు గంటల తరబడి కూర్చుని జవాబులు చెప్పిన కూలీలకు, తల్లిదండ్రులకు ఏం తేలిందో ఎవరు చెప్పారు? వచ్చే బడ్జెట్ నుంచి ప్రతి పెద్ద పథకం ఫలితాన్నీ రెండు పేజీల తెలుగులో రాయించి గ్రామసభలో చదివించండి. తల్లికి వందనంతోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ ఉపాధ్యాయురాలు