బ్లాక్ చేస్తే సరిపోదు, 1909కి చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

‘సార్, మీకు పర్సనల్ లోన్ ప్రీ అప్రూవ్ అయింది’ అని ఫోన్ వస్తుంది. విసుక్కుని కట్ చేసి, నంబరు బ్లాక్ చేసి, పీడ వదిలిందనుకుంటాం. సాయంత్రానికి అదే మాట ఇంకో నంబరు నుంచి వినపడుతుంది. మనం బ్లాక్ చేసిన నంబరు మన ఫోన్లో మోగదు, అంతే. పక్కింట్లో మోగుతూనే ఉంటుంది. ఆ నంబరు మీద చర్య తీసుకోవాలంటే, ఇలాంటి అమ్మకం కాల్స్‌పై ఫిర్యాదులు తీసుకునే 1909 నంబరుకు ఫిర్యాదు అందాలి.

టెలిమార్కెటింగ్‌పై, అంటే ఫోన్లో చేసే అమ్మకాలు, ప్రచారాలపై, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలను 2025 ఫిబ్రవరిలో సవరించారు. అంతకుముందు ఒక నంబరు మీద 7 రోజుల్లో 10 ఫిర్యాదులు వస్తే గానీ టెలికాం కంపెనీ కదలాల్సిన పని లేదు. ఇప్పుడు 10 రోజుల్లో 5 చాలు. కాల్ వచ్చిన 3 రోజుల్లోపే ఫిర్యాదు చేయాలన్న గడువు 7 రోజులైంది. టెలిమార్కెటర్లుగా రిజిస్టర్ కానివాళ్ల మీద చర్యకు 30 రోజులున్న గడువును 5 రోజులకు కుదించారు. తొలి తప్పుకు 15 రోజులు అవుట్‌గోయింగ్ ఆపేస్తారు. మళ్లీ చేస్తే, ఆ మనిషి పేరున ఏ కంపెనీలో ఎన్ని కనెక్షన్లున్నా ఏడాదిపాటు కట్. అయిదుగురు పూనుకుంటే ఒక నంబరు నోరు మూయించవచ్చన్నమాట. ఆ అయిదుగురే దొరకడం లేదు.

ముందు నంబరు ఎలా మొదలైందో చూడండి. 140తో మొదలైతే రిజిస్టర్ చేసుకున్న టెలిమార్కెటర్. 1600తో మొదలైతే బ్యాంకులు, ప్రభుత్వ విభాగాల వంటివి లావాదేవీల గురించి, సేవల గురించి చేసే కాల్. మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి ప్లాట్లు, లోన్లు, క్రెడిట్ కార్డులు అమ్మజూపడం నిబంధనలకు విరుద్ధం. మీరు డీఎన్‌డీలో (డు నాట్ డిస్టర్బ్, అంటే ప్రచార కాల్స్, మెసేజులు వద్దని చేసుకునే నమోదు) లేకపోయినా ఇలాంటి కాల్ మీద ఫిర్యాదు చెల్లుతుంది. 140 కాల్ సంగతి వేరు. డీఎన్‌డీ పెట్టుకోకుండా దాని మీద ఫిర్యాదు చేస్తే కొట్టేస్తారు.

డీఎన్‌డీకి స్టార్ట్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి 0 వేసి 1909కి మెసేజ్ పంపితే ప్రచారాలన్నీ ఆగుతాయి. 0 బదులు 1 వేస్తే బ్యాంకింగ్, బీమా, క్రెడిట్ కార్డులు. 2 వేస్తే రియల్ ఎస్టేట్. 3 వేస్తే చదువులు. 4 వేస్తే ఆరోగ్యం. ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లోనూ పెట్టుకోవచ్చు. ఓటీపీలు ఆగిపోతాయేమోనన్న భయంతో చాలామంది, ముఖ్యంగా పెద్దవాళ్లు, దీని జోలికి పోరు. ఆ భయం అక్కర్లేదు. ఓటీపీలు, ఖాతాలో డబ్బు పడినట్టు, తీసినట్టు వచ్చే మెసేజులు డీఎన్‌డీ కిందికి రావు.

1909కి పంపే ఫిర్యాదు మెసేజ్‌లో మూడే ముక్కలుండాలి: దేని గురించిన కాల్, ఏ నంబరు నుంచి, ఏ తేదీన. ఉదాహరణకు, పర్సనల్ లోన్ అమ్మకం కాల్ అని రాసి, కామా పెట్టి నంబరు, మళ్లీ కామా పెట్టి తేదీ వేయాలి. తేదీ 05/03/26 పద్ధతిలో, రోజు ముందు, నెల తర్వాత. ఫిర్యాదులు ఎక్కువగా ఇక్కడే పాడవుతాయి. ‘విసిగిస్తున్నారు’ అని రాస్తే ఏం అమ్మారో తెలియదు. రెండు సిమ్ములున్న ఫోన్లో కాల్ ఒక సిమ్‌కు వస్తే ఫిర్యాదు ఇంకో సిమ్ నుంచి పోతుంది, రికార్డులో ఆ కాల్ దొరకదు. అందుకే కోపం వచ్చినా ఒక్క అర నిమిషం ఓపిక పట్టి, ఎవరి తరఫున, ఏం అమ్ముతున్నారో అడిగి పెట్టేయండి. ఫిర్యాదు అందినట్టు జవాబుగా వచ్చే ఫిర్యాదు నంబరు దాచుకోండి.

మెసేజుల మీద ఫిర్యాదైతే పంపినవారి పేరు చివర చూడాలి. హైఫన్ తర్వాత పీ ఉంటే ప్రచారం, ఎస్ సర్వీసు, టీ లావాదేవీ, జీ ప్రభుత్వం.

‘మీరే అనుమతి ఇచ్చారు’ అని ఫిర్యాదు మూసేయడం ఇంకో చిక్కు. లోన్ యాప్‌లోనో, షాపులో నింపిన ఫారంలోనో చదవకుండా పెట్టిన టిక్కే ఆ అనుమతి. జరుగుతున్న లావాదేవీ కోసం ఇచ్చిన అనుమతి ఇప్పుడు 7 రోజులే చెల్లుతుంది. ప్రచార మెసేజ్‌లో వద్దనుకునే దారి తప్పనిసరిగా చూపాలి. వద్దన్నాక 90 రోజుల దాకా మళ్లీ అనుమతి అడగకూడదు.

వాట్సాప్‌లో వచ్చేవి ఈ నిబంధనల కిందికి రావు, ఇది పెద్ద లోటే. పోలీసులమనీ, కేవైసీ అప్‌డేట్ అనీ బెదిరించే కాల్ అయితే 1909 కాదు, కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో, మోసపు కాల్స్‌పై ఫిర్యాదుకు ఉన్న చక్షు విభాగంలో నమోదు చేయాలి. డబ్బు పోయిందంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

టెలికాం కంపెనీలు తమ యాప్‌లో, వెబ్‌సైట్‌లో ఫిర్యాదు చోటు కొట్టొచ్చినట్టు కనపడేలా పెట్టాలని 2025 సవరణలోనే ఉంది. రీచార్జ్ ఆఫర్లను తెలుగులో, తెర నిండా చూపించగలిగిన కంపెనీలు ఆ ఫిర్యాదు బటన్‌ను కూడా మొదటి పేజీలోనే, తెలుగులో పెట్టాలి. ట్రాయ్ అది పెట్టించాలి.

— వినియోగదారుల హక్కుల కార్యకర్తలు, విజయవాడ