అమ్మలూ, ఆ చెక్క జోలికి పోకు

విశాఖపట్నం
ఆదివారం ఉదయం

చిరంజీవి అమ్మలుకి నాన్న ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అమ్మా నేనూ కులాసా. నువ్వూ అల్లుడుగారూ కులాసా అని తలుస్తాను. నువ్వు పంపిన ఫోటోలు నిన్న రాత్రి పొద్దుపోయేదాకా పెద్దవి చేసుకుని చూశాను. ఫోన్లో చెబుదామంటే నువ్వు డ్యూటీ హడావిడిలో ఉంటావు, నాకేమో సగం మాటలు ఫోన్ పెట్టేశాక గుర్తొస్తాయి. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరుబడిగా చదువుకో.

రెండు తుపాకులు చూపించి, ఏది కొనమంటావు నాన్నా అని అడిగావు. ఒకటి మన ఇషాపూర్ త్రీ నాట్ త్రీ రైఫిలు. రెండోది 1853 నాటి ఎన్‌ఫీల్డ్‌కి నకలు, మీ బర్మింగ్‌హామ్‌లోనే పార్కర్ హేల్ వాళ్ళు చేసింది. అంతవరకు చదివి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. కానీ చివర్లో రాశావే, పాతది కొంటే చెక్కంతా శాండ్‌పేపర్‌తో రుద్దించి, వార్నిష్ కొట్టించి కొత్తదానిలా చేయిస్తానని, ఆ మాట దగ్గర ప్రాణం ఉసూరుమంది. తల్లీ, ఆ పని మాత్రం చేయకు. ఎందుకో చెప్తాను.

ముందు మూడో ఫోటో తెరువు. కుడివైపు బోల్టు పిడి వాలే చోట, కింద ఇనుప మెడ ఉంటుంది. దాని మీద కిరీటం, కిరీటం కింద జి.ఆర్.ఐ. అనే అక్షరాలు, ఇషాపూర్, 1942 అని కనిపిస్తున్నాయి. జి.ఆర్.ఐ. అంటే ఇంగ్లండుకి రాజు, మనకి చక్రవర్తి అయిన జార్జి. స్వాతంత్ర్యం వచ్చాక కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి, ఆర్.ఎఫ్.ఐ. అని కొట్టేవాళ్ళు. రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్ అన్నమాట, కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున. మరి నీ రైఫిలు కిరీటం కాలందే. అయినా మ్యాగజైన్‌కి, అంటే కింద ఉండే తూటాల పెట్టెకి, కాస్త ముందు చెక్కలో అడ్డంగా దిగిన స్క్రూ చూడు. చెక్క పగలకుండా ఇషాపూర్‌లో ఆ స్క్రూ వేయడం స్వాతంత్ర్యం వచ్చాకే మొదలైందంటారు. అంటే నీ తుపాకీ రెండు ప్రభుత్వాల కొలువు చేసింది. పుస్తకం అక్కర్లేదు, ఆ కిరీటమూ ఆ స్క్రూ చాలు ఈ సంగతి చెప్పడానికి.

1942 అనగానే నాకు మన బీచ్ రోడ్డు కళ్ళముందు మెదిలింది. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన విశాఖ మీద బాంబులు వేశాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. చిన్నప్పుడు నీకు చూపిస్తే దాన్ని ముట్టుకోవాలని మారాం చేశావు. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని పల్లెలకి పోయిన ఏడాదిలో, అక్కడ ఇషాపూర్‌లో ఎవరో మనిషి ఈ మెడ మీద సుత్తితో ఆ అంకెలు కొట్టాడు.

ఇప్పుడు ఐదో ఫోటో. ముందు చెక్క మీద రాగి తీగ దగ్గర దగ్గరగా చుట్టి, సీసంతో అతికి ఉంది. నువ్వు అది అలంకారం అనుకున్నావు. కాదమ్మా. ఆ తీగ ఉన్నవి గ్రెనేడ్లు విసరడానికి కేటాయించిన రైఫిళ్ళు. బ్యారెల్ మూతికి గిన్నెలాంటిది బిగించి, అందులో గ్రెనేడ్ పెట్టి, ఉత్త తూటాతో పేల్చేవాళ్ళు. ఆ తాపుకి చెక్క చీలిపోకుండా తీగ కట్టు. అప్పటికే బాగా వాడేసిన రైఫిళ్ళనే ఆ పనికి పంపేవారు, పైగా ఆ దెబ్బలన్నీ లోపలి ఇనుము తిన్నది. కాబట్టి దానితో అసలు తూటా పేల్చొద్దు. మీ షూటింగ్ క్లబ్బులో ఎవరైనా ఏం కాదు లెమ్మన్నా సరే. నువ్వు ఎన్‌సీసీలో భుజాన మోసిన రైఫిలు మీద డీ.పీ. అని గుర్తు ఉండేది, అది కవాతుకే పనికొస్తుంది గాని కాల్పులకి కాదని నేను చెప్పాను చూడు, ఇదీ అలాంటిదే అనుకో.

మరి చెక్క ఎందుకు రుద్దొద్దంటున్నానో చెప్పాలి కదా. ఈ సంగతి ఇంతవరకు మీ అమ్మకి కూడా చెప్పలేదు.

నేను పోలీసు బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో, అంటే ఆయుధాల కొట్టులో, తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా చేరిన కొత్తలో ఒకసారి ఇన్‌స్పెక్షన్ పడింది. రైఫిళ్ళన్నీ తళతళలాడాలని నాకు ఒకటే తాపత్రయం. ఎవరూ చెప్పలేదు, నేనే శాండ్‌పేపర్ తెచ్చి వారం రోజులు కూర్చుని ఒక్కో బట్టూ, అంటే భుజానికి ఆనించే వెనక చెక్క, నున్నగా రుద్దాను. మెప్పు కూడా వచ్చింది. ఆ నెలలోనే దసరా. ఆయుధపూజ నాడు రైఫిళ్ళన్నీ వరసగా పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ కొట్టాం. ఆ రోజు రిటైరైనవాళ్ళు కూడా వస్తారు. ఒక పెద్ద హెడ్డు కానిస్టేబులు గారు వచ్చి, 'బాబూ, బట్ నంబరు 117 ఉందా' అని అడిగారు. ఇరవై ఏళ్ళు ఆయన చేతిలో ఉన్నదట. తీసి ఇచ్చాను. ఆయన కళ్ళతో చూడలేదమ్మలూ, ఎడమవైపు ఇత్తడి పలకకి కాస్త పైన బొటనవేలు పెట్టి వెతికారు. అక్కడ ఒకప్పుడు గుండుసూదితో చెక్కిన చిన్న 'శ్రీ' ఉండేది. గింజంత అక్షరం. దాన్ని నా చేత్తోనే రుద్దేశాను, రుద్దేటప్పుడు చూశాను కూడా. వేలు అక్కడక్కడే రెండు మూడుసార్లు తిరిగింది. తర్వాత రైఫిలు నాకు తిరిగిచ్చి, 'బాగా మెరుస్తోంది బాబూ' అన్నారు. పులిహోర పొట్లం తీసుకుని వెళ్ళిపోయారు. ఒక్క మాట అనలేదు. నేనూ క్షమించమని అడగలేదు. ఆ తర్వాత సర్వీసంతా ఏ బట్టు మీదా శాండ్‌పేపర్ పెట్టలేదు.

నీ రైఫిలు బట్టు మీద ఏడో ఫోటోలో చిన్న చిన్న గాట్లు, ఒక పక్క నల్లటి మరక ఉన్నాయి. అవి ఎవరివో మనకి ఎప్పటికీ తెలియకపోవచ్చు. ఉండనీ. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడువు. చెక్క మరీ ఎండిపోయినట్టుంటే అరచేతిలో నాలుగు చుక్కలు అవిసె నూనె వేసుకుని, చేత్తోనే మర్దన చేసి, గంట ఆగి పొడిగుడ్డతో తుడిచేయి. ఇనుము మీది నల్ల పెయింట్ కూడా గీకకు, మన వాళ్ళు తుప్పు పట్టకుండా వేసిందే అది.

తుప్పు సంగతి నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుస్తుంది, సముద్రం పక్కన ముప్పై ఏళ్ళు ఇనుము కాచినవాణ్ణి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మూడు రోజులు నేను ఇంటికి రాలేదు, నీకు గుర్తుండే ఉంటుంది. కిటికీ అద్దాలు పోయి ఉప్పు తుంపర లోపలికి కొట్టింది. కరెంటు లేదు. కొవ్వొత్తి వెలుగులో ఒక్కో రైఫిలూ విప్పి, తుడిచి, నూనె పట్టించాం. మర్నాటికే చేయి పడని చోటల్లా పసుపు రాసినట్టు సన్నటి తుప్పు. అక్కడ మీకు సముద్రం దూరమే గాని చెమ్మ తక్కువేం కాదు. తుపాకీని బట్ట సంచిలో గాని తోలు సంచిలో గాని పెట్టి దాచకు, చెమ్మ పీల్చి ఇనుముకి అంటిస్తాయి. ఇనుము ముట్టుకున్న ప్రతిసారీ వేలిముద్ర తుడిచి పెట్టు, చెమటలోనూ ఉప్పే.

ఇక కాల్చడానికి ఆ పార్కర్ హేల్ తీసుకో. నకలు అని చిన్నచూపు చూడకు. అసలు 1853 ఎన్‌ఫీల్డ్‌ల కొలతలకే చేశారు కాబట్టి పనితనం అదే. బ్యారెల్ 39 అంగుళాలు, బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు .577 అంగుళాలు, గొట్టాన్ని చెక్కకి బిగించే పట్టీలు మూడు. ముందు మూతిలోంచి మందు పోసి, అడుగు గుల్లగా ఉన్న సీసం గుండు జార్చి, కడ్డీతో దించి, చిన్న రాగి టోపీ పెట్టి పేల్చాలి. మందు అంటుకోగానే ఆ గుల్ల అడుగు విచ్చుకుని బ్యారెల్ లోపల చెక్కిన మెలికల గాడుల్ని పట్టుకుంటుంది. నున్నటి గొట్టం మస్కెట్ కంటే ఇది అంత దూరం, అంత తిన్నగా కొట్టింది అందుకే. 1857లో మన సిపాయిలు కొవ్వు పూసిన తూటా కాగితం కొరకమన్నారని తిరగబడ్డది ఈ తుపాకీ దగ్గరే. దానిలో పోసే మందుకి కావలసిన సూరేకారమేమో బీహారు నుంచే ఇంగ్లండుకి ఓడల్లో వెళ్ళేది. దీపావళికి మన వీధిలో చిచ్చుబుడ్లు కూరేవాళ్ళ దగ్గర నువ్వు పీల్చిన వాసనే నీకు ఆ కాల్పుల రేంజిలో వస్తుంది.

నువ్వు రాసినట్టు అంతర్జాతీయ పోటీల్లో అసలు పాతవాటికీ నకళ్ళకీ వేర్వేరు విభాగాలున్నాయి. అరగంటలో 13 గుళ్ళు, వాటిలో మంచి 10 లెక్క. ఈ పద్ధతి నాకు భలే నచ్చింది. పాతదాన్ని అరగదీయకుండానే అప్పటి మనిషి చేతి కష్టం ఎంతో తెలుస్తుంది. ఒక ఏడాది దానితో సాధన చెయ్యి. ట్రిగ్గర్ నొక్కాక మందు అంటుకోవడానికి పట్టే ఆ క్షణం పాటు గురి కదలకుండా నిలబడటమే అసలు విద్య. ఎన్‌సీసీలో పాయింట్ టూటూ కాల్చేటప్పుడు నువ్వు ఊపిరి బిగబట్టే తీరు నాకు తెలుసు, నీకు వస్తుంది.

కాల్చిన రోజు రాత్రికి వాయిదా వేయకుండా కడుగు. సలసల కాగే నీళ్ళు గరాటుతో బ్యారెల్‌లో పొయ్యి. కుళ్ళిన గుడ్డు వాసనతో నల్లటి నీళ్ళు వస్తాయి. తెల్లగా వచ్చేదాకా పొయ్యి. బ్యారెల్ వేడెక్కి తనే ఆరుతుంది, అప్పుడు నూనె గుడ్డ. మా త్రీ నాట్ త్రీలకీ ఇదే వైద్యం. పాత తూటాల క్యాపు పేలితే బ్యారెల్‌లో ఒక రకం ఉప్పు మిగులుతుంది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. కొత్త కుర్రాళ్ళు నూనె గుడ్డ లాగేసి అయిపోయిందనుకునేవారు. వారానికి బ్యారెల్ లోపల చూస్తే గరుకు. బ్యారెల్ తుడిచే తాడుకి, దాన్నే పుల్‌త్రూ అంటాం, ఫోర్ బై టూ అనే గుడ్డ ముక్క కట్టి లాగే ముందు ఒక కెటిల్ వేణ్ణీళ్ళు అని ఎంతమందికి చెప్పానో.

ఇంకో పని. ఒక మంచి నోటు పుస్తకం కొను. ప్రతి తుపాకీకి ఒక పేజీ. బోల్టు పిడి వెనక నంబరు, బోల్టు కూర్చునే ఇనుప భాగం రిసీవర్ మీద నంబరు ఒకటేనా కాదా, ఏయే ముద్రలున్నాయి, ఎవరి దగ్గర కొన్నావు, ఎంతకి, ఆయనకి ఎక్కడిది, అన్నీ రాయి. మీ ఊళ్ళో తుపాకీ గొట్టాల బలం పరీక్షించడానికి 1813లో పెట్టిన ప్రూఫ్ హౌస్ ఉంది, వాళ్ళ పరీక్ష ముద్ర ఉందో లేదో అదీ రాయి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి స్టేషన్ మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద పడి తుపాకులు తీసుకున్నాడు. తీసుకున్నవి స్టేషను రికార్డులో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడని మన వైపు చెప్పుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆర్మరర్‌గా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ఆయుధానికి లెక్క ఉండాలి. మేం రేంజిలో పేలిన తూటా ఖాళీ తొడుగు ఒక్కటి తగ్గితే టార్చిలైట్లు పట్టుకుని రాత్రిదాకా గడ్డిలో వెతికేవాళ్ళం.

నీకు క్లబ్బులో మూడు నెలల ప్రొబేషన్ పూర్తయిందనీ, తుపాకీ సర్టిఫికెట్ వచ్చిందనీ, తుపాకిమందు దాచుకోవడానికి పోలీసుల దగ్గర వేరే సర్టిఫికెట్ తీసుకున్నావనీ రాశావు. మంచిది. ఇక్కడ మనకి ఈ సరదా తీరేది కాదు. త్రీ నాట్ త్రీ సైన్యం బోరు, మామూలు మనిషికి లైసెన్సు మీద దొరకదు. అదే బోల్టు పద్ధతిలో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ .315 బోరు చేసి అమ్మింది అందుకే. 2019లో చట్టం సవరించాక మనిషికి రెండే ఆయుధాలు, ఎన్నికలొస్తే చాలామంది అవీ స్టేషన్లో అప్పగించాల్సి వస్తుంది. అలా ఉండటమే మంచిదని నేనంటాను, తుపాకీ ఎవరి చేతిలో పడితే ఏమవుతుందో చూసినవాణ్ణి. అందుకే నీ దగ్గరికి రాబోయే ఈ ఒక్కటి చెక్కుచెదరకుండా ఉండాలని నా ఆశ.

కాబట్టి నా మాట ఇదీ. డబ్బు కుదిరితే రెండూ తీసుకో. ఒకటే కుదిరితే ఇషాపూర్‌ది తీసుకో. నకలు వచ్చే ఏడాదీ దొరుకుతుంది. ఇది ఇంకెవరి చేతిలోనన్నా పడితే వార్నిష్ కొట్టేస్తారు.

అమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టింది. పక్కింటి వాళ్ళ అబ్బాయి వచ్చే నెల లండన్ వస్తున్నాడట, అతని చేత పంపుతాం. అల్లుడుగారికి మా ఆశీస్సులు.

తుపాకీ ఇంటికి తెచ్చిన రోజు ఒక పని చెయ్యి. బట్టు చివర ఇత్తడి పలకలో చిన్న తలుపు ఉంటుంది. బొటనవేలితో మెల్లగా నొక్కి తియ్యి, బిగుసుకుంటే బలవంతం చేయకు, ఒక నూనె చుక్క వేసి మర్నాడు చూడు. లోపల ఇత్తడి నూనె సీసా, దానితో పాటు చుట్టిన పుల్‌త్రూ ఉండాలి. ఒక్కోసారి కాగితం ముక్కలు కూడా ఉంటాయి. ఏముంటే అది, కదపకుండా ముందు ఫోటో తీసి నాకు పంపు.

మీ నాన్న